కడుపులో బ్యాక్టీరియాకు కొత్త మందు కావాలా, పాత మందులు సరిగ్గా వాడితే చాలదా?

కడుపుమంట:
ఎండోస్కోపీలో హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందన్నారు. పద్నాలుగు రోజుల కోర్సు రెండుసార్లు మింగాను, రెండుసార్లూ క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న కిట్టే. నోరంతా చేదు, ఇంట్లో అందరి మీదా విసుగు. ఇప్పుడు మళ్లీ చూస్తే బ్యాక్టీరియా అక్కడే ఉంది! ఆస్ట్రేలియా డాక్టర్లు మార్షల్, వారెన్ పెర్త్‌లో దీన్ని పెంచి చూపించింది 1982లో. నోబెల్ కూడా 2005లోనే వచ్చింది. ఇన్నేళ్లయినా వేరే జబ్బుల మందులనే కలగలిపి ఇస్తున్నారు. దీనికంటూ ఒక మందు తయారు చేయరేం?

మందుల కొట్టు:
కోపం న్యాయమైనదే కానీ తప్పు మందుది కాదండీ. దగ్గు వస్తే చాలు, చీటీ లేకుండా అజిత్రోమైసిన్ అడుగుతారు. నేనూ ఇచ్చినవాణ్ణే, దాచను. అది క్లారిత్రోమైసిన్‌కు దాయాదే. బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ జన్యువులో ఒక్క అక్షరం మారితే రెండూ పనిచేయవు. విరేచనాలకని మింగీ మింగీ మెట్రోనిడజోల్‌నూ పనిచేయకుండా చేసుకున్నాం. రేపు మీ కొత్త మందు వచ్చేది కూడా మా బల్ల మీదికే కదా?

పెట్రీ పళ్లెం:
అందుకని వెతకడం మానేద్దామా? వోనోప్రజాన్ సంగతి చూడండి. అది యాంటీబయాటిక్ కాదు, కడుపులో ఆమ్లాన్ని గట్టిగా అణచివేస్తుంది. ఆమ్లం తగ్గితే ఈ బ్యాక్టీరియా విభజన మొదలుపెడుతుంది, అమాక్సిసిలిన్ అనే పాత యాంటీబయాటిక్ చంపేది విభజన చెందేవాటినే. అంటే పాత మందుకే కొత్త పదును. జపాన్‌లో 2015 నుంచి ఉంది. చైనాలో రిఫాసూటెనిజోల్ అనే అణువును తయారు చేశారు. రిఫామైసిన్, నైట్రోఇమిడజోల్ (మెట్రోనిడజోల్ జాతి) అనే రెండు రకాల మందుల గుణాలూ అందులోనే ఉన్నాయి. ఒకదాన్ని తట్టుకున్నా రెండోది దెబ్బతీస్తుందన్న లెక్క.

టీకా పక్షం:
మీరంతా మందుల చుట్టూనే తిరుగుతున్నారు. చైనాలో 4,464 మంది పిల్లల మీద జరిపిన నోటి టీకా పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి ఏడాది రక్షణ 71.8 శాతం. బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోయే గొడవే లేని దారి అది.

పెట్రీ పళ్లెం:
రెండో ఏటికే ఆ రక్షణ 55 శాతానికి దిగిందని కూడా చెప్పండి.

పసుపు పాలు:
పరగడుపున పసుపు, మజ్జిగ. మా ఇంట్లో అందరికీ తగ్గింది.

ఊరి డాక్టరు:
తగ్గింది మంట. బ్యాక్టీరియా పోయిందో లేదో పరీక్ష చేయించారా? పరీక్ష గొట్టంలో పసుపుకు లొంగినంత మాత్రాన కడుపులోనూ లొంగుతుందని లేదు. 1994 నుంచి క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్న జీవి ఇది, నమ్మకం మీద వదిలేయలేం.

కడుపుమంట గారూ, ఒకసారి విఫలమైన క్లారిత్రోమైసిన్‌ను మళ్లీ రాయడం పొరపాటు. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం తగ్గించే బిళ్ల, ఈ నాలుగూ కలిపి పద్నాలుగు రోజులు వాడే పద్ధతి ఉంది. ప్రయోగశాలలో మెట్రోనిడజోల్ పనిచేయదని తేలినా, మోతాదు పెంచి పూర్తి రోజులు వాడితే ఈ కలయికలో చాలామందికి పనిచేస్తుంది. కొత్త మందు వద్దని నేను అనను. కానీ ఏ మందుకు లొంగుతుందో చూడకుండా ఇస్తే దాని గతీ క్లారిత్రోమైసిన్ గతే.

పెట్రీ పళ్లెం:
చూడటం అంత తేలికా డాక్టరు గారూ? కడుపులోంచి ముక్క తీయాలి, ఆక్సిజన్ తక్కువ ఉన్న వాతావరణంలో రోజుల తరబడి పెంచాలి. ఎన్ని ఊళ్లలో ఆ వసతి ఉంది?

మందుల కొట్టు:
అంతకంటే విడ్డూరం చెప్పనా? ఆ నాలుగింటిలో టెట్రాసైక్లిన్ మా ఊళ్లో దొరకడం లేదు. చవక మందు, లాభం లేదు, ఎవరూ తెప్పించరు. దాని దాయాది డాక్సీసైక్లిన్ ఇచ్చి పంపేస్తుంటాం.

ఊరి డాక్టరు:
అది దీనికి సమానం కాదు. దయచేసి అలా మార్చి ఇవ్వకండి.

కడుపుమంట:
మొదటి కోర్సు తర్వాత నాకు పరీక్షే చేయలేదు, మంట తగ్గింది కదా అన్నారు. ఈసారి ఎప్పుడు చేయించుకోవాలి?

ఊరి డాక్టరు:
యాంటీబయాటిక్స్ అయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగండి. ఆమ్లం బిళ్ల మానేసి రెండు వారాలైనా గడవాలి. అప్పుడు యూరియా శ్వాస పరీక్ష చేయించండి. ఈలోగా ఏది వాడాలన్నా మీ డాక్టరు గారి చీటీ మీదే.

కడుపుమంట:
సరేనండీ. మందుల కొట్టు గారూ, చీటీ తెస్తే టెట్రాసైక్లిన్ తెప్పిస్తారా?

మందుల కొట్టు:
హోల్‌సేల్ వాళ్లకు ఇప్పుడే ఫోను చేశాను. రెండు రోజులు పడుతుందట.