పై అంతస్తుకు నెట్: మెష్ కొనాలా, లాన్ వైరు లాగించాలా?

మేడమీద:
కింద హాల్లో టీవీ పక్కన ఫైబర్ డబ్బా ఉంది, వైఫై రూటర్ కూడా అదే. ప్లాన్ 200 ఎంబీపీఎస్. డబ్బా దగ్గర ఫోన్‌లో 180 దాకా వస్తుంది. పైన వెనక గదిలో 8, 10 మించదు, ఆఫీసు మీటింగ్‌లో మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ఆర్‌సీసీ స్లాబు, 9 అంగుళాల ఇటుక గోడలు. మెష్ జత (ఒకే వైఫైని ఇల్లంతా పంచే రెండు డబ్బాలు) కొనేద్దామని ఇంట్లో వాళ్లు, పైకి లాన్ వైరు లాగేస్తానని ఎలక్ట్రీషియన్. గోడ పగలగొట్టించడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

వైరు మేస్త్రి:
వైరేనండీ, ఇంకో మాట లేదు. మెష్ అన్నా, రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్లీ పంపే డబ్బా) అన్నా కింది డబ్బాకీ పై డబ్బాకీ మధ్య నడిచేది మళ్లీ గాలే. డ్యుయల్ బ్యాండ్ మెష్‌లో (2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియోలు చెరొకటే ఉండేది) ఒకే 5 గిగాహెర్ట్జ్ రేడియో కింది డబ్బాతోనూ మాట్లాడాలి, మీ ల్యాప్‌టాప్‌తోనూ మాట్లాడాలి. అంటే ప్రతి ప్యాకెట్టూ రెండుసార్లు గాలిలోకి ఎక్కుతుంది, వేగం సగం అక్కడే పోయింది. మిగతా సగాన్ని స్లాబులోని ఇనప చువ్వలు చూసుకుంటాయి. క్యాట్ 6 (లాన్) వైరు 20, 25 మీటర్లు, పైన ఒక యాక్సెస్ పాయింట్ (వైరులో వచ్చిన నెట్‌ను వైఫైగా పంచే డబ్బా). మెష్ జతకు పెట్టే డబ్బులో ఈ రెండూ వచ్చి ఇంకా మిగులుతుంది.

పింగ్ పంతులు:
మేస్త్రి గారూ, రోగం తేలకుండానే మందు రాసేశారు. అసలు ఇది వైఫై జబ్బో, లైను జబ్బో చూడాలి కదా.

మేడమీద గారూ, పై గదిలో ల్యాప్‌టాప్‌లో రెండు కమాండ్ కిటికీలు తెరవండి. ఒకదానిలో పింగ్ 192.168.1.1 (మీ రూటర్ చిరునామా వేరైతే అది), రెండో దానిలో పింగ్ 8.8.8.8 (బయట ఉన్న గూగుల్ సర్వర్). పింగ్ అంటే ఆ చిరునామాకు చిన్న సందేశం పంపి, జవాబుకు ఎంతసేపు పట్టిందో చూపే కమాండ్. విండోస్ అయితే చివర హైఫన్ టీ (-t) పెడితే ఆగకుండా నడుస్తుంది. మీటింగ్ పాడయ్యే వేళకు చూడండి. మొదటిదే 3 మిల్లీసెకన్ల నుంచి 200కు ఎగురుతుంటే తప్పు మీ ఇంటి గాలిలో ఉంది. మొదటిది కదలకుండా రెండోది ఒక్కటే ఎగిరితే తప్పు బయటి లైనులో. అప్పుడు మెష్ కొన్నా, వైరు లాగినా ఒరిగేదేమీ లేదు.

తర్వాత డబ్బా సెట్టింగుల పేజీలో ఆప్టికల్ రిసీవ్ పవర్ (ఫైబర్‌లో డబ్బాకు అందే వెలుగు బలం) చూడండి. మామూలు జీపాన్ డబ్బా (ఇళ్లకిచ్చే ఫైబర్ డబ్బా) −8 నుంచి −27 డీబీఎం మధ్య పనిచేసేలా చేస్తారు. డీబీఎం సిగ్నల్ బలం కొలత, సున్నాకు దూరమయ్యేకొద్దీ బలం తక్కువ. −25 దాటి కిందికి దిగితే అంచున ఉన్నట్టే, సిగ్నల్ పోయిందని చెప్పే ఎర్ర లాస్ లైటు ఏ వానకో వెలుగుతుంది. 3 డీబీ తగ్గిందంటే వెలుగు సగమైంది. కారణం ఎక్కువగా సోఫా వెనక మడత పడిన ఫైబరో, మురికి పట్టిన కనెక్టరో. ఆకుపచ్చ కనెక్టర్ కొనను 8 డిగ్రీల ఏటవాలుగా కోస్తారు, నీలం దానికి ఆ కోత ఉండదు. ఈ రెండింటినీ జత కలిపినా నష్టమే.

మెష్ మావయ్య:
మెష్‌ను మరీ తీసిపారేయకండి మేస్త్రీ. సగం పోతుందంటారు సరే, ఎంతలో సగం? రెండు యాంటెన్నాల వైఫై 5 పరికరానికి 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో కాగితం మీద లింకు 866 ఎంబీపీఎస్. దగ్గరలో నిజంగా చేతికి 500 అందుతుంది. మెట్ల గుండా పైకెక్కేసరికి 200 అనుకోండి, అందులో సగం 100. వీడియో మీటింగ్‌కు 3, 4 చాలు.

జనం చేసే పొరపాటు ఒకటే: రెండో డబ్బాను సిగ్నల్ రాని గదిలో పెడతారు. రాని సిగ్నల్‌ను అదెక్కడి నుంచి తెచ్చి పంచుతుంది? మెట్లు ఎక్కగానే పైన వచ్చే మలుపు దగ్గర పెట్టాలి, అక్కడ స్లాబు అడ్డం ఉండదు. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ వేసి, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ −60, −65 డీబీఎం చూపే చోటు వెతకండి. −75 చూపే చోట పెడితే మేస్త్రి గారు చెప్పినట్టే అవుతుంది. ఇనప బీరువా పక్కన, పెద్ద అద్దం వెనక వద్దు. అద్దె ఇళ్లలో గోడ ముట్టుకోనివ్వరు, అక్కడ వైరు మాటే ఎత్తలేం.

వైరు మేస్త్రి:
మీటింగ్‌కు కావలసింది 100 కాదు మావయ్యా, నిలకడ. పక్కింటి రూటర్ అదే ఛానెల్ మీద మొదలెట్టగానే గాలిలో వంతు కోసం నిలబడాలి, మెష్‌లో రెండుసార్లు నిలబడాలి. వైరులో ఆ క్యూ లేదు.

తూర్పు గాలి:
మూడో దారి ఒకటుంది, ఇద్దరూ వదిలేశారు. ఫైబర్ డబ్బా టీవీ కిందే ఉండాలని రాసిపెట్టి లేదు! మన ఊళ్లలో డ్రాప్ ఫైబర్ (ఇంట్లోకి వచ్చే చివరి తీగ) స్తంభం మీంచి వస్తుంది, ముందు తగిలేది డాబా పిట్టగోడకే, తర్వాతే కిందికి దిగుతుంది. లైన్‌మ్యాన్‌ను పిలిచి డబ్బాను మెట్ల మలుపుకో, పై హాలుకో మార్పించండి. ఫైబర్ చుట్ట మిగిలి ఉంటే అరగంట పని. పైనుంచి కింది హాలుకు సిగ్నల్ దిగుతుంది, టీవీకి అది సరిపోతుంది. మీటింగులు జరిగే అంతస్తులో డబ్బా ఉండాలి, అంతే.

ఇంకొకటి. లాన్ వైరును బయటి గోడ మీదుగా లాగిస్తే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు వైరే వాడాలి. తొలకరి పిడుగులకు దగ్గర్లో పడ్డ దెబ్బ ఆ రాగి తీగ పట్టుకుని రూటర్ పోర్టు దాకా వస్తుంది. ఫైబర్‌కు ఆ భయం లేదు, అది గాజు. బయటి దారే గతి అయితే రెండు మీడియా కన్వర్టర్లు (లాన్ వైరు సిగ్నల్‌ను ఫైబర్‌కూ, ఫైబర్ నుంచి లాన్‌కూ మార్చే డబ్బాలు) పెట్టి ఫైబరే లాగండి.

మెష్ మావయ్య:
డబ్బా మార్పించడం మంచి మాట. ఖర్చు లేనిది ముందు చేయాలి. ఖర్చు లేనిదే ఇంకోటి: చాలా డబ్బాల్లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఒకే పేరుతో వస్తాయి. పై గదిలో 8, 10 అంటే నాకు అది కిక్కిరిసిన 2.4 లాగే కనిపిస్తోంది. రెండు పేర్లు విడివిడిగా పెట్టి చూడండి. 2.4కు ఛానెల్ ఆటో వద్దు, 1, 6, 11లో ఖాళీగా ఉన్నది, వెడల్పు 20. ఇరుకు వీధుల్లో 40 పెట్టడం పక్కవాళ్లతో పేచీ పెట్టుకోవడమే.

పింగ్ పంతులు:
వైరు లాగేవాళ్లకు రెండు ముక్కలు. పైన పెట్టే పాత రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని చిరునామా 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు పంచే పని) ఆపేసి, వైరును వాన్ పోర్టులో (బయటి నెట్ వచ్చేది) కాక లాన్ పోర్టులో గుచ్చండి. వాన్‌లో గుచ్చితే రెండు నాట్‌లు ఏర్పడతాయి, అంటే ఇంట్లో రెండు వేరు నెట్‌వర్క్‌లు అవుతాయి, పైనున్న ఫోన్‌కు కింది ప్రింటర్ కనపడదు. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్. కిందది ఛానెల్ 36 అయితే పైది 149. 52 నుంచి 144 మధ్యవి రాడార్‌తో పంచుకునేవి. రాడార్ అలికిడి తగిలితే రూటర్ ఆ ఛానెల్ వదిలేయాలి, అలాంటి ఇంకో ఛానెల్‌కు వెళ్తే కనీసం 60 సెకన్లు విన్నాకే మళ్లీ మొదలుపెట్టాలి. మీటింగ్ మధ్యలో అది జరిగితే ఎంత రూటరైనా దిష్టిబొమ్మే.

మేడమీద:
చూశాను. రిసీవ్ పవర్ −21. మొదటి పింగే ఎగురుతోంది, రెండోది దాన్ని బట్టే. అంటే మా గాలే. పాత కేబుల్ టీవీ పైపు ఒకటి గోడలోంచి పైకి వెళ్తోంది, లోపల కోయాక్స్ వైరు ఉంది. డబ్బా మార్చడానికి లైన్‌మ్యాన్ ఆదివారం వస్తానన్నాడు.

వైరు మేస్త్రి:
పైపు ఉందని ముందే చెబితే ఇంత గొడవెందుకండీ. ఆ కోయాక్సే మీ తాడు. పై చివర కోయాక్స్ తొడుగు రెండంగుళాలు ఒలిచి, క్యాట్ 6ను దానికి తీగతో కట్టి, టేపును మొన తేలేలా చుట్టండి. ముడి లావైతే మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. ఒకరు కింద లాగాలి, ఒకరు పైన తోయాలి. బిగిస్తే టాల్కం పౌడర్ చల్లండి, నూనె వద్దు. 230 వోల్టుల వైర్లున్న పైపైతే మాత్రం అందులో పెట్టకూడదు.

కొనేటప్పుడు పూర్తి రాగి అని అడగండి. సీసీఏ అని అమ్మేది అల్యూమినియం మీద రాగి పూత, నాలుగుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. రెండు చివర్లా ప్లగ్గులో తీగల రంగుల వరస ఒకటే: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. లింకు 1000 బదులు 100 చూపిస్తే నీలం జతో, గోధుమ జతో సరిగా కరవలేదని అర్థం. ఆ చివర కోసి మళ్లీ క్రింప్ చేయాలి (ప్లగ్గు బిగించాలి).

మెష్ మావయ్య:
పైపు ఉన్నప్పుడు వైరే, దాంట్లో నాకు పేచీ లేదు. పైపు లేని ఇంటికి మాత్రం నా మాట నాదే. కొనే ఉద్దేశం ఇంకా ఉంటే, వెనక లాన్ పోర్టున్న మెష్ తీసుకుని ఈ వైరునే దానికి ఇవ్వండి, గాలిలో సగం పోయే లెక్క ఉండదు.

తూర్పు గాలి:
ఆదివారం దాకా ఆగండి మేడమీద గారూ. డబ్బా పైకి వచ్చాక అవే రెండు పింగులు మళ్లీ నడపండి. పై గదిలో మొదటి పింగు 10 లోపు నిలిస్తే క్యాట్ 6 కూడా కొననక్కర్లేదు.

వైరు మేస్త్రి:
కోయాక్స్ మాత్రం పీకి పారేయకండి. ఒకసారి ఉత్తినే లాగేస్తే ఆ పైపులోంచి ఇంకేదీ లాగడం కుదరదు. కనీసం నైలాన్ దారమైనా కట్టి వదలండి.