“పెరికితే తల్లివేరుతో పెరకాలి”: ఈ వాక్యంలో కర్త ఎవరు?

పెద్దలకు నమస్కారం. వియత్నాం చరిత్రలోని ఒక చిన్న సంభాషణను తెలుగులోకి తెస్తూ ఆగిపోయిన చోట్లను మీ ముందు ఉంచుతున్నాను. ఙో సీ లియెన్ 1479లో కూర్చిన దాయ్ వియెత్ (వియత్నాం పాత పేరు) రాజచరిత్రలో 1226వ సంవత్సరం కింద ఈ సంగతి ఉంది. థాంగ్ లాంగ్ నగరంలో, అంటే నేటి హనోయ్‌లో, చాన్ జావో అనే బౌద్ధాలయం మీదుగా వెళ్తున్న ట్రాన్ థూ దో, గొంతుకు కూర్చుని గడ్డి పెరుకుతున్న ఒక సన్యాసిని చూసి, “పెరికితే లోతు వేరు పెరకాలి” అన్నాడు. సన్యాసి లేచి నిలబడి, చేతులు దులుపుకొని, “నీవన్నది నాకు తెలిసింది” అన్నాడు. సంభాషణ ఇంతే. కాని ఎవరు ఎవరితో అన్నారో తెలియకపోతే దీన్ని తెలుగు చేయలేము.

ఆ సన్యాసి రెండేళ్ళ క్రితం దాకా చక్రవర్తి. పేరు లీ హ్వె తోంగ్, పుట్టింది 1194లో. 1009 నుంచి దాయ్ వియెత్‌ను ఏలిన లీ వంశంలో సింహాసనం ఎక్కిన చివరి మగవాడు ఆయనే. 1209లో రాజధానిలో తిరుగుబాటు చెలరేగినప్పుడు యువరాజుగా ఉన్న ఆయన హాయ్ అప్ అనే ఊరికి పారిపోయి, చేపల వేటతో కలిగినవారైన ట్రాన్ కుటుంబం ఇంట తలదాచుకొని, ఆ ఇంటి ఆడపడుచును పెళ్ళాడాడు. మరుసటి ఏడు తండ్రి పోవడంతో రాజ్యానికి వచ్చాడు గాని, సైనికబలం బావమరుదుల చేతుల్లోనే ఉండిపోయింది. రాజమాతకు ఆ కోడలంటే గిట్టదు. ఆమెకు విషం పెట్టించడానికి కూడా వెనుకాడలేదు. అప్పుడు చక్రవర్తి ప్రతిపూటా తన భోజనంలో సగం భార్యకు పెట్టి, ఆమెను క్షణమైనా పక్కనుంచి కదలనివ్వలేదని రాజచరిత్ర చెబుతుంది. కావలివాళ్ళూ వంటవాళ్ళూ ఎందరో ఉన్న రాజభవనంలో ఆయన నమ్మగలిగింది తన కంచం ఒక్కటే. చివరకు 1216లో ఒక రాత్రి ఇద్దరూ బయటపడి, బావమరిది ట్రాన్ తూ ఖాన్ దండులో చేరారు.

1217 నుంచి ఆయనకు మతి చలించిందట. తాను దివినుంచి దిగివచ్చిన సేనానినని చెప్పుకొంటూ, డాలూ ఆయుధమూ పట్టి, జుట్టులో చిన్న చిన్న జెండాలు గుచ్చుకొని, పొద్దుటినుంచి సాయంత్రం దాకా చిందులు వేసి, చెమటలు కారుతుండగా మద్యం తాగి మర్నాటి దాకా పడి నిద్రపోయేవాడని రాశారు. రాజ్యవ్యవహారమంతా బావమరిదే చూశాడు. అతడు 1223లో చనిపోయాక పెత్తనం అదే వంశంవాడైన థూ దో చేతికి వచ్చింది. కొడుకులు లేని హ్వె తోంగ్ 1224లో ఏడేళ్ళ కూతురిని గద్దెనెక్కించి సన్యసించాడు. థూ దో ఆ పాపకు తన బంధువైన ఎనిమిదేళ్ళ ట్రాన్ కాన్‌తో పెళ్ళి చేయించి, 1226 జనవరి నాటికి ఆమె చేతనే సింహాసనాన్ని భర్తకు అప్పగింపజేశాడు. ఆ తరువాత ఒకనాడు సన్యాసి తూర్పు బజారుకు వెళ్తే జనం ఆయన్ను చూడడానికి పరుగెత్తుకొచ్చారు, కొందరు కన్నీళ్ళు పెట్టుకున్నారు. థూ దోకు దడ పుట్టించింది ఆ కన్నీళ్ళే.

ఇక భాష సంగతి. మూలం ప్రాచీన చీనీ భాషలో ఉంది. థూ దో వాక్యంలో కర్త లేడు, సంబోధన లేదు, ఆజ్ఞ కూడా లేదు. ఎవరైనా నిలదీస్తే గడ్డి గురించే అన్నానని తప్పించుకోవచ్చు. “పెరుకు” అన్నా “పెరకండి” అన్నా ఆ చాటు పోతుంది. మొదటిది అమర్యాద, రెండోది మర్యాద అయి కూర్చుంటుంది. మన “-ఆలి” ప్రత్యయం ఇక్కడ చక్కగా ఆదుకుంటుంది. “పెరకాలి” అన్న క్రియ నేను, నీవు, అతడు అన్న తేడా లేకుండా అందరికీ ఒకే రూపంలో సరిపోతుంది. ఎవరు పెరకాలో, ఎవరిని పెరకాలో చెప్పదు.

వేరు దగ్గర మరో చిక్కు. మూలంలోని “లోతు వేరు”ను నేటి వియత్నాం అనువాదం విడమరచి, “రే కాయ్” అన్న మాటను కూడా చేర్చింది. “రే” అంటే వేరు. “కాయ్”కు పాత వాడుకలో తల్లి అనీ, పెద్దది అనీ అర్థాలున్నాయి కనుక మన “తల్లివేరు” దానికి అచ్చంగా అతుకుతుంది. “కూకటివేరు” అనవచ్చు కదా అని తోచవచ్చు. అయితే “కూకటివేళ్ళతో పెకలించడం” మన పత్రికల్లో ఎప్పుడో ఉపమానంగా స్థిరపడింది. ఆ మాట చెవిన పడగానే పాఠకుడికి నాశనమే స్ఫురిస్తుంది. థూ దో వాక్యం ముందు తోటపని మాటలా వినపడాలి, బెదిరింపు ఆ వెనుక అందాలి. చాణక్యుడు కాలికి గుచ్చుకున్న దర్భను వేళ్ళతో పెకలించిన కథ మనకు తెలిసిందే. అక్కడ గడ్డి పెకలించినవాడే శత్రువంశాన్ని పెకలించాడు; ఇక్కడ గడ్డి పెరుకుతున్నవాడే గడ్డి.

ఒక సభ్యుని స్పందన: “మీ వివరణ బాగుంది. కాని అధికారమంతా థూ దోదైనప్పుడు, ప్రాణభయంలో ఉన్న సన్యాసి ‘నీవన్నది’ అంటాడా? ‘తమరన్నది’ అనడమే సహజమేమో.”

నా సమాధానం: నాకూ మొదట ఈ సందేహమే కలిగింది. అయితే మూలంలోని సర్వనామం పెద్దవాడు చిన్నవాడితో వాడదగినదే; వియత్నాం అనువాదకులు కూడా దాన్ని ప్రభువు సేవకుడితో మాట్లాడే తీరులోనే ఉంచారు. సైన్యం, సింహాసనం, కూతురు, చివరకు మతి స్థిమితం ఉన్నవాడన్న పేరు కూడా పోయిన మనిషికి చక్రవర్తిత్వం మిగిలింది ఆ ఒక్క ఏకవచనంలోనే. “తమరు” అంటే దాన్ని మనమే లాగేసుకున్నట్లవుతుంది. పిచ్చివాడని రాసిన మనిషి, కర్త లేని వాక్యంలో కర్మ తానేనని క్షణంలో గ్రహించాడన్నది కూడా గమనించండి. ఆ పిచ్చిలో ఎంత నిజమో నాకు అనుమానమే.

ఆ ఏడాది ఎనిమిదో నెలలో థూ దో మనుషులు పిలవడానికి వచ్చినప్పుడూ ఆ “నీవు” మారలేదు. సూత్రపఠనం ముగించి తానే ప్రాణం తీసుకుంటానని చెప్పి లోపలికి వెళ్ళి, “మా ఇంటి రాజ్యం నీ చేతికి వచ్చింది, నన్ను కూడా చంపుతున్నావు, నేడు నేను చస్తున్నాను, రేపు నీ సంతతికీ ఇదే గతి” అని పలికి, ఆలయం వెనుక తోటలో ఉరివేసుకున్నాడు. ఆయన భార్యను థూ దో తానే పెళ్ళాడాడు. 1232లో, కొత్త రాజు తాత పేరు “లీ” కనుక ఆ అక్షరం పలకరాదన్న సాకుతో, లీ ఇంటిపేరువాళ్ళందరూ ఙుయెన్ అని మార్చుకోవాలని ఆజ్ఞ వెలువడింది. తల్లివేరు అన్న మాట పరిధి ఇంటిపేరు దాకా సాగిందని నా అభిప్రాయం. అనువాదంలో ఈ ఆజ్ఞను అధోజ్ఞాపికగా చేర్చాలనుకుంటున్నాను.

“పెరుకు” విషయంలో మాత్రం మీ సాయం కావాలి. మీ ప్రాంతాల్లో గడ్డికి “పెరుకు” ఇంకా వాడుకలో ఉందా, లేక “పీకు”, “తీయు” మాత్రమే వినిపిస్తాయా? “పీకు”కు నేడు అంటిన తిట్టు వాసన వల్ల దాన్ని ఆ సంభాషణలో వాడడానికి మనసొప్పడం లేదు.