బీట్లో కసువు మొలిచాక నేల ఎందుకు కాలడం లేదు?

ప్రశ్న, అనంతపురం:
డిగ్రీ ప్రాజెక్టు కోసం మా ఊరి బీట్లో మిట్టమధ్యాహ్నం గన్ థర్మామీటరుతో నేల వేడి చూస్తున్నా. తొలివానకు చల్లబడిన నేల నాలుగు రోజులకే మళ్లీ కాలింది. ఇప్పుడు కసువు మోకాటి ఎత్తుంది. వారంగా చినుకు లేకున్నా వేడెక్కడం లేదు. నీడ వల్లేనా?

జవాబు, కడప:
నీడ కొంత. పెద్ద పని వేర్లది తమ్ముడూ. ఎండ వేడిలో కొంత గాలికి, కొంత నేల లోపలికి, కొంత నీళ్లను ఆవిరి చేయడానికి పోతుంది. ఆవిరికి పోయింది నీ థర్మామీటరుకు దొరకదు, అదే గుప్తోష్ణం. లీటరు నీళ్లు ఆవిరి కావాలంటే దాదాపు 2.45 మెగాజౌళ్లు కావాలి. చదరపు మీటరులో లీటరంటే 1 మి.మీ. తడే. పచ్చి కసువు రోజుకు 4 మి.మీ. వదిలితే దగ్గర దగ్గర 10 మెగాజౌళ్లు. మబ్బులేని రోజు మన దగ్గర పడే ఎండ 20 పైచిలుకు, అందులో సగం ఖర్చయినట్టే!

బోడినేలలో పైపదును ఆరిపోతే కింది తడి పైకి రావడం బాగా తగ్గిపోతుంది. కసువు వేర్లు దాన్ని లాగి ఆకుల గుండా వదులుతాయి. నువ్వే తూకం వేసి చూడు. 36 సెం.మీ. వెడల్పున్న లోతైన గుండ్రటి టబ్బులు రెండు తీసుకుని అదే ఎర్రమన్ను నింపు. ఒకదాంట్లో గరిక పెళ్లలు నాటి, బాగా పట్టుకున్నాక రెండింటినీ తడుపు. అడుగు నుంచి కారడం ఆగాక రోజూ సాయంత్రం కాటా మీద పెట్టు. 100 గ్రాములు తగ్గితే 1 మి.మీ. పోయినట్టు. మొదట్లో రెండూ తగ్గుతాయి, తర్వాత బోడి టబ్బు వెనకబడుతుంది. ఆ రెండు గీతలు గ్రాఫులో పక్కపక్కన గీస్తే నీ ప్రాజెక్టుకు ప్రాణం వచ్చినట్టే.

ప్రశ్న, అనంతపురం:
మరి డిసెంబరులో కసువు ఎండిపోతే అన్నా?

జవాబు, కర్నూలు:
ఎండిన కసువు నీడనిస్తుంది గానీ నీళ్లు లాగదు. అప్పుడు వేడి ఎక్కువగా గాలికే పోతుంది. మా రోళ్లపాడు వైపు నల్లరేగడి పదును పట్టి ఉంచుతుంది కాబట్టి పచ్చదనం ఇంకొన్నాళ్లు నిలుస్తుంది. ఆ తేడా కూడా రాసుకోండి.

ఒక్క మాట, డిసెంబరు అంకెను ఆగస్టు అంకెతో నేరుగా పోల్చొద్దు. నీడలో గాలి వేడి కూడా చూసి, నేల వేడిలోంచి తీసేయండి, ఆ తేడానే పోల్చండి. మబ్బు పట్టిన రోజులు వదిలేయండి. కసువు పలచగా ఉంటే గన్‌కు ఆకు, మన్ను కలిసి కనిపిస్తాయి, అందుకే ఒకే వరసలో పది చోట్ల చూసి సగటు తీయండి. గొర్రెలు మేసిన చోటు వేరుగా రాయండి.