పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్)లో నానోక్లే: గట్టిదనం పెరిగింది, దెబ్బ తగిలితే విరిగిపోతోంది

గుళికలరాజు: పీపీలో 5 శాతం ఆర్గానోక్లే (లవణంతో మార్చిన సన్నని పొరల బంకమట్టి), రెండూ అతుక్కోడానికి కొంత మలెయిక్ గ్రాఫ్టెడ్ పీపీ వేసి ట్విన్ స్క్రూలో (కరిగించి కలిపే యంత్రం) నడిపాం. మాడ్యులస్ (గట్టిదనం) పెరిగింది. ఇంపాక్ట్ (దెబ్బకి తట్టుకునే బలం) మాత్రం పడిపోయింది, లాగితే సాగకుండానే తెగుతోంది. ముక్క గోధుమరంగుకి తిరిగింది కూడా. ఎక్కడ సరిచేయాలి? మంటల టెస్టుకి ఇదే పంపొచ్చా?

బారెల్‌బాబు: రంగు సంగతి నాకు తెలుసు. క్లే పొరల మధ్య ఉండే అమ్మోనియం లవణం 200 డిగ్రీల దగ్గర్నించే విడిపోతుంది. వేడి తగ్గించండి. డై (కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) దగ్గర చేపల కంపు కొడుతోందా? అయితే అదే.

టాల్క్‌భక్తుడు: ఇంత తంటా ఎందుకండీ? 20 శాతం టాల్క్ (మెత్తటి ఖనిజం పొడి) వేస్తే పోయేదానికి!

పొరలపిచ్చి: బరువు మీరు మోస్తారా? టాల్క్ సాంద్రత 2.7, పీపీది 0.9. టయోటా వాళ్లు నైలాన్-6లో 5 శాతం లోపు క్లేతోనే, వేడికి వంగే ఉష్ణోగ్రతని 65 నుంచి 150 దగ్గరికి తెచ్చారు.

టాల్క్‌భక్తుడు: నైలాన్ గొప్పలు పీపీకి అంటగట్టకండి. నైలాన్ క్లేని పట్టుకుంటుంది, పీపీ పట్టుకోదు. ఆ మలెయిక్ ఎందుకు వేస్తున్నారనుకున్నారు?

పొరలపిచ్చి: మా పీపీ శాంపిల్‌కి ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్‌రేతో పొరల వరుస చూసే పరీక్ష) పీకే లేదు సార్. పొరలన్నీ విడిపోయాయి. ఇంకేం కావాలి?

మైక్రోటోమ్: ఈ ముక్క చదివాక ఊరుకోలేకపోయా. పీక్ లేకపోతే విడిపోయినట్టేనా? పొరల వరుస చెదిరినా, క్లే మరీ తక్కువున్నా పీక్ మాయమవుతుంది. అలాంటి "పీక్ లేని" శాంపిళ్లని కోసి టీఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) పెడితే నల్లగా గడ్డలే కనబడ్డాయి. నా పనే అది.

పొరలపిచ్చి: మీ టీఈఎమ్‌లో కనబడేది రవ్వంత. నచ్చిన చోట ఫొటో తీసి తీర్పు చెప్పేస్తారు.

మైక్రోటోమ్: అందుకే రియాలజీ (కరిగినప్పుడు పారే తీరు) కూడా చూడమనేది. తక్కువ ఫ్రీక్వెన్సీలో స్టోరేజ్ మాడ్యులస్ (స్ప్రింగ్‌లా తిరిగొచ్చే గుణం) పడిపోకుండా నిలబడుతోందా? ఆ గ్రాఫ్ పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

గుళికలరాజు: అయ్యా, నా ఇంపాక్ట్...

బారెల్‌బాబు: ఆ గడ్డల దగ్గరే పగులు మొదలవుతుంది తమ్ముడూ. ముందు మాస్టర్‌బ్యాచ్ (క్లే ఎక్కువగా ఉన్న మిశ్రమం) చేసి, తర్వాత పల్చన చెయ్యి. అయినా చాలకపోతే ఎలాస్టోమర్ (రబ్బరులాంటిది) కలుపు, మాడ్యులస్ కొంత పోతుంది మరి.

కేబుల్‌మనిషి: మంటల గురించి ఎవరూ చెప్పలేదు. క్లే వేస్తే పైన బొగ్గు పొర కట్టి వేడి విడుదల పీక్ (గరిష్ఠ స్థాయి) తగ్గుతుంది. అంతమాత్రాన వీ-0 (మంట త్వరగా ఆరిపోయే గ్రేడు) వచ్చేస్తుందనుకోవద్దు, క్లే ఒక్కదానితో రాదు. మా ఇన్సులేషన్‌లో కాల్సిన్డ్ కయోలిన్ (కాల్చిన తెల్ల బంకమట్టి) వాడతాం, అది కరెంటు గుణాల కోసం.

పొరలపిచ్చి: మళ్లీ పీక్ అన్నారు, మైక్రోటోమ్‌గారు వస్తారు చూడండి.

మైక్రోటోమ్: గ్రాఫ్ ఏదీ?