అప్‌డేట్: మాత్రలు, కైరోప్రాక్టిక్ కాకుండా పాత నడుము నొప్పికి ఏం చేయొచ్చు?

పాత నడుము నొప్పికి మాత్రలు, కైరోప్రాక్టిక్ (వెన్నెముకను చేతులతో నొక్కి సరిచేసే చికిత్స) కాకుండా ఇంకేం దారి ఉందని అడిగాను కదా. ఫిజియోథెరపిస్ట్‌ని కలవమన్న సలహాయే పనికొచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యం, పనిని కొలతలో చేయడం. నొప్పి పెరగకుండా 20 నిమిషాలు నడవగలిగితే 15 దగ్గరే ఆగాలి, బాగున్న రోజైనా సరే. ఒళ్లు తేలిగ్గా ఉందని పనులన్నీ ఒక్కరోజే చేసేస్తే మర్నాడు మంచం దిగలేం. చాలామందికి దెబ్బ పడేది ఇక్కడే. వారానికి ఒకటి రెండు నిమిషాలే పెంచాలి.

వ్యాయామాల్లో బర్డ్ డాగ్. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యి, ఎడమ కాలు చాచి 10 సెకన్లు ఆపాలి, తర్వాత రెండోవైపు. కాలు తుంటి ఎత్తు దాటితే నడుము కిందికి వంగి ఒత్తిడంతా అక్కడే పడుతుంది. వీపు మీద ఓ పుస్తకం పెట్టుకోండి. జారిందంటే నడుము తిరిగినట్టే. ఊపిరి బిగబట్టొద్దు.

దీనికి ముందు గుడ్డ చుట్టిన హాట్ ప్యాక్‌తో 15 నిమిషాలు కాపడం పెడితే కండరాలు వదులవుతాయి. ఆ హాయి తాత్కాలికమే.

డాక్టర్ రాసిన మాత్రలు సొంతంగా ఆపకండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.