మగ్గం మీద ఉన్న చీరల ఖర్చు ఏ ఖాతాలో రాయాలి?

ప్రశ్న (భూదాన్ పోచంపల్లి): అన్నలూ, అక్కలూ, మా మేనమామ 20 మగ్గాల లెక్కలు నేనే చూస్తున్నా. నూలు కొంటే కొనుగోళ్లలో, కూలి ఇస్తే కూలి ఖర్చులో రాసేస్తున్నాం. మార్చి వచ్చేసరికి పుస్తకంలో నష్టం, మగ్గాల మీద మాత్రం బోలెడు సరుకు. చీర ఎంతకు పడిందంటే మామకు చెప్పలేకపోతున్నా. టెన్షన్‌గా ఉంది.

జవాబు (నల్లగొండ, కామర్స్ లెక్చరర్): తమ్ముడూ, నూలును కొన్న రోజే ఖర్చు కింద కొట్టేయకు. మూడు స్టాక్ ఖాతాలు తెరువు: నూలు-రంగులు, మగ్గం మీద సరుకు, తయారైన చీరలు. నూలు ఆసుకు (నూలు చుట్టే పనికి) ఇచ్చిన రోజు దాని విలువను మొదటి ఖాతాలో తగ్గించు (క్రెడిట్), రెండోదానికి కలుపు (డెబిట్). చిటికి (డిజైన్ కోసం రంగు అంటకుండా నూలుకు ముడులు కట్టే పని), రంగు, నేత కూలీలు, షెడ్డు కరెంటు, మగ్గాల రిపేర్లు కూడా రెండోదానికే. చీర నేసి మగ్గం మీంచి కోశాక దాని ఖర్చు మూడోదానికి మారుతుంది. అమ్మినప్పుడే లాభనష్టాల్లోకి పోతుంది.

ఉదాహరణకు వార్పుకు (మగ్గానికి ఒకసారి ఎక్కించే పడుగుకు) 7 చీరలు అనుకో. చీరకు నూలు, రంగు 3,500, ఆసు-చిటికి కూలి 1,500, నేత 2,500, షెడ్డు ఖర్చు 500, మొత్తం 8,000. మార్చి 31కి 4 చీరలు కోశారు, అయిదోది సగం నేశారు. మిగిలిన రెండూ నేతే మొదలు కాలేదు కదా అని వదిలేయకు. నూలు, రంగు, ఆసు-చిటికి ఖర్చు చీరకు 5,000 చొప్పున మూడింటికీ పడిపోయింది: 15,000. సగం చీరకు నేత 1,250, షెడ్డు 250 కలిపితే మగ్గం మీద సరుకు 16,500. కోసిన నాలుగింట్లో 3 అమ్మితే ఖర్చు 24,000, ఒకటి స్టాకులో 8,000. మీ పద్ధతిలో మొత్తం 48,500 ఈ ఏడాది ఖర్చుకే పోయింది. నష్టం అక్కడే పుట్టింది.

జవాబు (గద్వాల, మాస్టర్ వీవర్): ఇంకోటి చూసుకో తమ్మీ. నేతన్న ఇంట్లో ఉన్న నూలు కూడా మీ సరుకే. టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్‌లో) ఒక్కో మగ్గం పేరున గోడౌన్ పెట్టు, ఎవరి దగ్గర ఎన్ని కేజీలున్నాయో తెలుస్తుంది. పండగకు ఇచ్చిన అడ్వాన్సును కూలిలో కలపకు. అది నేతన్న మీకు తీర్చాల్సిన బాకీ. చీర చేతికొచ్చాకే కూలిలో కోసుకోవాలి.

ప్రశ్న: మరి రంగు చెడిపోయిన నూలు? హైదరాబాద్ షాపు అద్దె?

జవాబు (లెక్చరర్): మామూలుగా పోయే తరుగును మంచి చీరల ఖర్చులోనే వేసుకో. వాన నీళ్లు వచ్చి వార్పంతా పాడైతే అది నేరుగా నష్టం, చీర ధరలో కలపొద్దు. షాపు అద్దె, అమ్మకం కమీషన్ స్టాకు విలువలోకి రావు. ఏఎస్-2 (స్టాకు విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం) ప్రకారం పడిన ఖర్చు, అమ్మకం ఖర్చులు పోను చేతికొచ్చే ధర, రెండింట్లో ఏది తక్కువైతే అదే స్టాకు విలువ. పాత డిజైన్ చీర 8,000కు పడినా, చేతికి 6,500 మాత్రమే వచ్చేలా ఉంటే పుస్తకంలో 6,500 రాయి.