గర్భాశయ లోపొర క్యాన్సర్: ఎంజైమ్ పరీక్ష అడగాలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో చేయించిన మా అమ్మగారి బయాప్సీలో గర్భాశయ లోపొర క్యాన్సర్ తేలింది, ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 అనే ప్రోటీన్లు లేవని రాశారు. ఎంఎంపీ-9 ఎంజైమ్ పెరిగితే వ్యాధి ముదిరినట్టేనని చదివాను. ఆ పరీక్ష కూడా చేయించాలా?

జవాబు 1: ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 ఎంజైములు ఆధార పొరలోని నాలుగో రకం కొల్లాజెన్‌ను తెగగొట్టి, క్యాన్సర్ కణాలు కండరంలోకి చొరబడేందుకు దారి చేస్తాయి కాబట్టి పరిశోధకులు వాటిని గమనిస్తారు, చికిత్స నిర్ణయానికి మాత్రం మామూలుగా పరీక్షించరు. నా మటుకు ఆ ఖర్చు అనవసరం.

జవాబు 2: మీ నివేదికలోనివి డీఎన్ఏ నకలులో దొర్లే తప్పులను సరిదిద్దే ప్రోటీన్లు. ఎంఎల్‌హెచ్1 లేకపోతే దాని జంట పీఎంఎస్2 కూడా నిలవదు. చాలావరకు ఇందుకు మిథైలేషనే, అంటే ఎంఎల్‌హెచ్1 జన్యువుపై రసాయన గుర్తులు చేరి అది పనిచేయకుండా మూతపడటమే కారణం. అది కనబడకపోతే వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే లించ్ సిండ్రోమ్ కోసం జన్యుపరీక్ష చేయిస్తారు, అప్పుడది మీకూ సంబంధించిన విషయమే. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రోటీన్ పరీక్ష ఫలితం కూడా చూడండి. ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్య నిపుణుల సమాఖ్య) 2023 విభజనలో అది క్యాన్సర్ దశనే మార్చగలదు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. మిథైలేషన్ గురించే డాక్టరు గారిని అడుగుతాను.